మంచు మీద ఎన్ని రోజులు?

అమెరికాలో స్కీయింగ్ (కాళ్లకు పొడవాటి సన్నని పలకలు బిగించుకుని మంచు వాలు మీద జారడం) అలవాటున్న ఇద్దరు ఏప్రిల్‌లో కలిస్తే మాట త్వరగానే ఒక అంకె మీదికి వెళ్తుంది. ఈ సీజన్‌లో ఎన్ని రోజులు? ఎంత నిటారు కొండ దిగారు, ఎంత వేగంగా దిగారు అన్నవి ఆ తర్వాతే. వారాంతాల్లో మాత్రమే వెళ్లేవాళ్లు 10 అనో 15 అనో చెబుతారు. స్కీ ఊళ్లలోనే ఉండి పనిచేసేవాళ్లలో 100 దాటినవాళ్లూ ఉంటారు. చాలామందికి ఇది సీజన్ ముగిశాక తేలే లెక్క కాదు, మంచు పడకముందే అనుకున్న లక్ష్యం.

సియాటిల్, డెన్వర్, సాల్ట్ లేక్ సిటీ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కొండలు గంటా రెండు గంటల దూరంలోనే ఉంటాయి. పిల్లలను స్కీ తరగతుల్లో చేర్పించి, వాళ్ల వెనకే తామూ మొదలుపెట్టే తల్లిదండ్రులకు ఈ ప్రశ్న ఎదురవుతుంది. ఎన్ని రోజులు పెట్టుకోవాలి? అసలు పెట్టుకోవాలా? పెట్టుకోవడం మంచిదనే నా అభిప్రాయం. అయితే ఆ అంకె సీజన్‌లో ఏ దశలో ఉపయోగపడుతుందో, ఏ దశలో చెడగొడుతుందో ముందే తెలిసి ఉండాలి.

మొదట కొలత సంగతి చూద్దాం. అమెరికా స్కీ కేంద్రాల సంఘమైన నేషనల్ స్కీ ఏరియాస్ అసోసియేషన్ లెక్క ప్రకారం, ఒక మనిషి ఒక రోజున ఒక కేంద్రంలో ఎంతసేపు గడిపినా అది ఒక సందర్శనే. ఉదయం నుంచి సాయంత్రం దాకా తిరిగినా ఒకటే, రాత్రి దీపాల వెలుగులో గంటసేపు జారి వెళ్లిపోయినా ఒకటే. ఈ లెక్కన 2022-23 సీజన్‌లో ఆ దేశంలో సుమారు 6.5 కోట్ల సందర్శనలు నమోదయ్యాయి. అది రికార్డు. పరిశ్రమ ఎలా నడుస్తోందో తెలుసుకోవడానికి ఈ కొలత చాలు. ఒక వ్యక్తి తన సీజన్ ఎలా గడిచిందో తెలుసుకోవడానికి చాలదు. అయినా వ్యక్తులు కూడా ఇదే కొలతను పట్టుకున్నారు. దానికి కారణం సీజన్ పాస్ (కొండ పైకి చేర్చే లిఫ్టులను సీజన్ అంతా ఎక్కేందుకు ముందే కొనే టికెట్).

వెయిల్ రిసార్ట్స్ సంస్థ 2008లో ఎపిక్ పాస్ తెచ్చింది. ఆల్టెరా సంస్థ 2018లో ఐకాన్ పాస్‌తో పోటీకి దిగింది. ఒక్క పాస్‌తో ఎన్నో కొండలు ఎక్కవచ్చు. ఆ పాస్‌లు పెరిగేకొద్దీ ఒక రోజు టికెట్ ధర కూడా పైకి పోయింది. వెయిల్ కొండ మీద రద్దీ రోజుల్లో అది 300 డాలర్లు దాటింది. 2025-26 సీజన్‌కు ఎపిక్ పాస్ అమ్మకం 1,051 డాలర్లతో మొదలైంది. రెండూ పక్కపక్కన పెడితే నాలుగో రోజుకే పాస్ గిట్టుబాటవుతుంది. పాస్‌ల అమ్మకం వసంతంలో మొదలై, మంచు కాలం వచ్చేసరికి ధర మెట్టుమెట్టుగా పెరుగుతుంది. అంటే మంచు పడకముందే డబ్బు సంస్థ చేతికి వచ్చేస్తుంది. ఆ ఏడాది మంచు తక్కువైతే నష్టంలో ఎక్కువ భాగం పాస్ కొన్నవారిదే.

పాస్ చేతిలో ఉన్నవారికి ఇంకో రోజు వెళ్తే లిఫ్టు ఖర్చు సున్నా. ఇక మిగిలింది ఎన్నిసార్లు వెళ్లామన్నదే. ఆ లెక్క కూడా మనం రాసుకోనక్కర్లేదు. పాస్‌లో ఆర్ఎఫ్ఐడీ చిప్ (జేబులోంచి తీయకుండానే గేటు చదవగలిగే చిన్న రేడియో బిళ్ల) ఉంటుంది. దాని ఆధారంగా వెయిల్ రిసార్ట్స్ 2010లోనే ఎపిక్‌మిక్స్ అనే సేవ తెచ్చి, ఎన్ని రోజులు వచ్చారో, మొత్తం ఎన్ని అడుగుల ఎత్తు దిగారో ఫోన్‌లో చూపడం మొదలుపెట్టింది. అంకె కళ్లెదుట ఉంటే దాన్ని పెంచాలని అనిపించడం సహజం.

ఇక్కడ ఒక లెక్క ఆగి చూడాలి. పాస్ ధరను రోజులతో భాగించి "రోజుకు ఇంత పడింది" అని చెప్పుకోవడం అందరికీ అలవాటు. 1,051 డాలర్ల పాస్‌తో 5 రోజులు వెళ్తే రోజుకు 210 డాలర్లు. 10 రోజులకు 105. 20 రోజులకు 53. 30 రోజులకు 35. 40 రోజులకు 26. మొదటి 10 రోజుల్లో అంకె బాగా పడిపోతుంది. 30 నుంచి 40కి వెళ్లడానికి పది రోజులు కష్టపడితే తగ్గేది 9 డాలర్లే. పైగా ఆ తగ్గుదల సగటులోనే. పాస్ డబ్బు ఎప్పుడో కట్టేశాం కనుక జేబులోకి తిరిగి వచ్చేదేమీ లేదు. పెట్రోలు, పార్కింగు, కొండ మీద భోజనం మాత్రం ప్రతి రోజూ కొత్త ఖర్చే. సగటు తగ్గుతూ ఉంటే మొత్తం ఖర్చు పెరుగుతూ ఉంటుంది. అందుకే గిట్టుబాటు దాటాక డబ్బు పేరుతో రోజులు పెంచుకోవడంలో అర్థం లేదు. ఇష్టం పేరుతో పెంచుకోవచ్చు, ఆ లెక్క వేరు.

కట్టిన డబ్బు మనిషిని ఎంతకాలం ముందుకు నెడుతుంది? దీనికి దగ్గరి ప్రయోగం ఒకటుంది. హాల్ ఆర్క్స్, కేథరిన్ బ్లూమర్ అనే పరిశోధకులు 1985లో ప్రచురించారు. అమెరికాలోని ఒహాయో విశ్వవిద్యాలయ నాటకశాలలో సీజన్ టికెట్లు కొన్నవారిలో కొందరిని యాదృచ్ఛికంగా ఎంచి రాయితీ ఇచ్చారు. సీజన్ మొదటి సగంలో పూర్తి ధర కట్టినవాళ్లే ఎక్కువ నాటకాలకు వచ్చారు. రెండో సగంలో ఆ తేడా కనిపించలేదు. కట్టిన డబ్బు గుర్తున్నంత కాలమే నెట్టింది. స్కీ పాస్ కూడా ఇలాగే పనిచేస్తుందని అనుకోవచ్చు. పాస్ కొన్న సంగతి డిసెంబరులో గట్టిగా గుర్తుంటుంది. ఫిబ్రవరికి మరుగున పడుతుంది.

అంకె మరో చివర నుంచి లాగుతుంది. గమ్యం దగ్గరపడేకొద్దీ వేగం పెరుగుతుందని క్లార్క్ హల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1930లలో ఎలుకల పరుగును గమనించి చెప్పాడు. కాఫీ దుకాణాలు ఇచ్చే ముద్రల కార్డుల మీద 2006లో వచ్చిన అధ్యయనంలో మనుషుల్లోనూ ఇదే కనిపించింది. ఉచిత కాఫీ దగ్గరయ్యేకొద్దీ కొనుగోళ్ల మధ్య ఎడం తగ్గింది. అంటే డబ్బు మొదట్లో నెడుతుంది, లక్ష్యం చివర్లో లాగుతుంది. మధ్యలో రెండూ బలహీనం. ఆ మధ్యకాలం జనవరి చివర నుంచి ఫిబ్రవరి దాకా. చలి నిలకడగా ఉండి మంచు పొడిగా, మెత్తగా ఉండేది సాధారణంగా ఆ రోజుల్లోనే. సీజన్‌లో మంచి భాగం ఇలా చేజారిపోతుంది.

కాబట్టి లక్ష్యాన్ని ఆ మధ్యకాలానికి ఉపయోగపడేలా కట్టుకోవాలి. ఒక ఉదాహరణ తీసుకుందాం. సియాటిల్‌కు తూర్పున సుమారు 50 మైళ్ల దూరంలో, ఐ-90 రహదారి మీదే స్నోక్వాల్మీ కనుమ ఉంది. సీజన్ డిసెంబరు నుంచి ఏప్రిల్ మధ్య వరకు అనుకుంటే సుమారు 19 వారాంతాలు. కొండ ఎత్తు తక్కువ, మొదలు సుమారు 3,000 అడుగులే. అందుకని కొన్నిసార్లు మంచుకు బదులు వాన పడుతుంది. అలాంటి వారాంతాలను తీసేయండి. డిసెంబరు సెలవుల్లో ఇండియా ప్రయాణం ఉంటే, సంక్రాంతి దాకా ఉండి వస్తే, నాలుగు వారాంతాలు పోతాయి. పుట్టినరోజులు, జలుబులు, ఆఫీసు పనులు. నిజాయితీగా లెక్క వేస్తే 8 నుంచి 10 వారాంతాలు మిగులుతాయి. శని, ఆదివారాలు రెండూ వెళ్లగలమని అనుకోవద్దు. వారానికి ఒక రోజు పెట్టుకోండి. అక్కడ రాత్రి స్కీయింగ్ కూడా ఉంది కాబట్టి పని ముగించుకుని వెళ్లే సాయంత్రాలు రెండు మూడు కలపవచ్చు. మొత్తం 10 లేదా 12. సహోద్యోగి 30 అన్నాడని మనమూ 30 అనడం కంటే క్యాలెండరు ముందు కూర్చుని తీసిన ఈ 12 చాలా బలమైన అంకె.

తర్వాత ఆ అంకెను నెలలకు పంచాలి. డిసెంబరుకు రెండు, జనవరికి మూడు, ఫిబ్రవరికి నాలుగు, మిగతావి మార్చిలో. అప్పుడు ఫిబ్రవరికి దానిదైన ఒక చిన్న గమ్యం ఏర్పడుతుంది, చివర్లో వచ్చే లాగుడు మధ్యలోనే వస్తుంది. రోజు అంటే ఏమిటో కూడా ముందే తేల్చుకోవాలి. గేటు దగ్గర ఒక్కసారి చిప్ చదివినా యాప్ దాన్ని రోజుగానే లెక్కేస్తుంది. మనకు మాత్రం కనీసం రెండు గంటలు ఉంటేనే రోజు అని పెట్టుకోవచ్చు. పిల్లవాడు గంటకే అలసిపోతే వెనక్కి వచ్చేయడమే మంచిది, అది లెక్కలోకి రాకపోయినా ఫరవాలేదు.

కొత్తగా నేర్చుకునేవారికి మరో మాట. లక్ష్యాల మీద దశాబ్దాల పాటు పరిశోధన చేసిన ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్ చెప్పేది ఇది: స్పష్టమైన, కాస్త కష్టమైన లక్ష్యం ఉన్నవారు "వీలైనంత చేద్దాం" అనుకునేవారి కంటే ఎక్కువ చేస్తారు. అయితే పని కొత్తదీ చిక్కైనదీ అయినప్పుడు ఫలితం మీద కంటే నేర్చుకోవడం మీద పెట్టుకున్న లక్ష్యమే బాగా పనిచేస్తుంది. మొదటి సీజన్‌లో ఉన్నవారికి "12 రోజులు" ఒక్కటే చాలదు. "మార్చికి నీలం గుర్తు ఉన్న వాలు (అమెరికా పద్ధతిలో మధ్యస్థాయి) ఆగకుండా దిగడం" లాంటిది పక్కన ఉండాలి. రోజులు అందుకు అవకాశం ఇస్తాయి, అంతే.

ఇక చివరి దశ. అంకె ఎక్కువగా చెడగొట్టేది ఇక్కడే. 48 రోజులు అయినవాడికి 50 కనిపిస్తుంది. 33 అయినవాడికి అలాంటి తొందర ఉండదు. 97 పరుగుల దగ్గరున్న బ్యాటర్‌కు మూడు పరుగులు ఎంత పెద్దవో క్రికెట్ చూసే మనకు చెప్పనక్కర్లేదు. దాదాపు కోటి మారథాన్ ఫలితాలను పరిశీలించిన ఒక అధ్యయనం కూడా ఇదే చూపింది. నాలుగు గంటల్లాంటి గుండ్రని సమయానికి కాస్త ముందు ముగించేవారు గుంపుగా ఉన్నారు, దాటాక ఒక్కసారిగా తగ్గారు. గుండ్రని అంకె మనిషి చేత అదనపు శ్రమ చేయిస్తుంది. మారథాన్‌లో ఆ శ్రమ చివరి కొన్ని నిమిషాలది. స్కీయింగ్‌లో అది అలసిన మోకాళ్ల మీద, పాడైన మంచు మీద పడుతుంది.

ఏప్రిల్‌లో మంచు రాత్రి గడ్డకట్టి, పగలు కరుగుతుంది. ఉదయం తొందరగా వెళ్తే గాజులా గట్టిగా ఉంటుంది. మధ్యాహ్నానికి నీరు పట్టి బరువెక్కి స్కీలను పట్టేస్తుంది. స్కీ ఆగిపోయి శరీరం తిరిగితే భారమంతా మోకాలి మీద పడుతుంది. బైండింగ్ (బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపు) పడినప్పుడు ఊడిపోయేలా మెరుగయ్యాక ముంగాలి ఎముక విరగడం బాగా తగ్గింది. మోకాలి లోపలి స్నాయువులకు మాత్రం ఆ రక్షణ అంతగా అందలేదు. మోకాలి ముందరి క్రూసియేట్ లిగమెంట్ తెగితే కోలుకోవడానికి నెలలు పడుతుంది. తర్వాతి సీజన్ మొత్తం పోవచ్చు. రెండు రోజుల కోసం ఒక సీజన్‌ను పణంగా పెట్టడం ఏ లెక్కకూ నిలవదు.

కొలతే లక్ష్యంగా మారితే అది మంచి కొలతగా మిగలదన్న సూత్రం బ్రిటిష్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ పేరున ఉంది. 1975లో ఆయన ఆ మాట అన్నది ద్రవ్య విధానం గురించి. రోజుల లెక్కకూ అది అన్వయిస్తుంది. తనకోసం వెళ్లిన రోజులను కొలిచినంత కాలం 12 అంకె నిజం చెబుతుంది. అంకె కోసమే వెళ్లడం మొదలైతే 12లో ఎన్ని మంచి రోజులో అంకెను చూసి చెప్పలేం.

మొత్తం రోజుల లక్ష్యానికీ తెగని వరుసకూ తేడా ఉంది. కొలరాడోలోని కాపర్ మౌంటెన్‌లో రాత్రిళ్లు మంచును చదును చేసే యంత్రం నడిపిన రైనర్ హెర్ట్రిచ్ 2003 నవంబరు 1 నుంచి రోజూ స్కీయింగ్ చేశాడు. వేసవిలో ఓరెగాన్‌లోని మౌంట్ హుడ్‌కు, దక్షిణ అమెరికాకు వెళ్లేవాడు. వరుసగా 2,993 రోజులు సాగాక, 2012 జనవరిలో గుండె లయ దెబ్బతిందని వైద్యులు చెప్పడంతో ఆపాడు. ఆ పట్టుదల అరుదైనది, నాకు గౌరవమే. కానీ వరుస ఒక్క జ్వరాన్ని కూడా ఓర్చుకోదు. సీజన్ మొత్తం ఓర్చుకుంటుంది. ఈ వారం పోతే వచ్చే వారం ఉంది. ఉద్యోగం, కుటుంబం ఉన్నవారికి మొత్తమే సరిపోతుంది. వాషింగ్టన్, ఓరెగాన్ కొండల్లో కొందరు ఇంకో పద్ధతి పాటిస్తారు. ఏడాదిలో ప్రతి నెలా కనీసం ఒక్కసారి స్కీయింగ్. ఆగస్టు, సెప్టెంబరుల్లో దానికోసం హిమానీనదాల దాకా నడిచి ఎక్కాలి. ఇది బాగా అనుభవం ఉన్నవారికే.

మంచును బట్టి కూడా అంకెను మార్చుకోవాలి, ఏ ఏడు ఎంత పడుతుందో ముందే చెప్పలేం. 2022-23లో కాలిఫోర్నియాలోని మామత్ మౌంటెన్‌లో 700 అంగుళాలకు పైగా మంచు పడి, లిఫ్టులు ఆగస్టు దాకా నడిచాయి. 2024 జనవరిలో కశ్మీర్‌లోని గుల్‌మార్గ్ వాలులు నేల కనిపిస్తూ ఉన్నాయి. 2025 ఫిబ్రవరిలో అక్కడ జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల పోటీలు మంచు లేక మార్చికి వాయిదా పడ్డాయి.

హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో ఇలాంటి మంచు కొండలకు వెళ్లేవారికి సీజన్ రోజుల లెక్క పొసగదు. కొండ గంట దూరంలో లేదు కనుక వారాంతాలు కూడబెట్టే వీలు లేదు. వాళ్లకు సరైన కొలత వరుసగా గడిపే రోజులు. మొదటి రోజు పడటం, లేవడంతోనే పోతుంది, ఆగడం, మలుపు తిరగడం తర్వాతి రోజుల్లో వస్తాయి. రెండు రోజులకే తిరిగి వచ్చి మళ్లీ ఏడాదికి వెళ్తే నేర్చుకున్నది చాలావరకు పోతుంది. ఉత్తరాఖండ్‌లోని ఔలిలో గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ 7 రోజుల, 14 రోజుల శిక్షణలు నడుపుతూ వచ్చింది. గుల్‌మార్గ్‌లో కేంద్ర ప్రభుత్వ స్కీయింగ్ శిక్షణ సంస్థ ఉంది. ఇలాంటి శిక్షణకు వెళ్లేవారు వారం తగ్గకుండా చూసుకోవాలి. జనవరి మొదట్లో మంచు నమ్మకంగా ఉండటం లేదు కాబట్టి తేదీలు ఫిబ్రవరికి పెట్టుకుని, మార్చుకోగల విమాన టికెట్లు తీసుకోవడం మేలు.