కథానికలో మూఢాచారము – మతకలహము

మానవసంఘమునకు ఆచారము అవసరము. బిడ్డకు పేరు పెట్టుట మొదలు ఉత్తరక్రియలు జరుపుట వరకు మనుష్యుని జీవితము ఆచారముల చేతనే క్రమబద్ధమగుచున్నది. కావున ఆచారమెల్ల మూఢమనుట న్యాయము కాదు. ఏ ఆచారమును గూర్చి "ఇది ఎందులకు?" అని అడుగుటయే నేరముగా భావింపబడునో అది మూఢాచారము. అట్టి ఆచారము ఒక వర్గమునకు జెండాయై, మరియొక వర్గముతో బలాబలములు తేల్చుకొనుటకు సాధనమైనప్పుడు మతకలహము పుట్టును. ఈ రెండింటి నడుమగల సంబంధమును కథకులు ఎట్లు చూపిరో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

ఆధునిక తెలుగు కథానిక శైశవముననే ఈ విషయము దానికి వస్తువైనది. గురజాడ అప్పారావు (1862–1915) రచించిన "దిద్దుబాటు" 1910లో "ఆంధ్రభారతి" పత్రికలో వెలువడినది. ఆ కాలముననే ఆయన "మీ పేరేమిటి?" అను కథను వ్రాసిరి. అందలి తగవు అన్యమతముల నడుమ పుట్టినది కాదు. ఒక్క ఊరిలోని శైవవైష్ణవుల తగవు. ఎవరి దేవుడు గొప్పవాడను పంతము ముదిరి నిప్పుల గుండము వరకు వచ్చును. దైవము గొప్పతనమును ఋజువు చేయవలసిన భారము మనుష్యుని పాదములపై పడును. అప్పుడు నాంచారమ్మ అను గృహిణి, తన భర్తను అగ్నిపరీక్షకు పురికొల్పు పెద్దల యెదుట నిలిచి మాటాడును. ఆమె మతమును దూషింపలేదు. తన వారినే ప్రశ్నించినది. ఆ ధైర్యమే ఆ కథకు ప్రాణము.

గుండమును గూర్చి ఇచట కొంత వివరించుట అవసరము. కట్టెబొగ్గు ఎఱ్ఱగా మండుచున్నను తన వేడిమిని ఇతర వస్తువులకు మెల్లగా మాత్రమే అందించును. లోహమునకుగల ఉష్ణవాహకశక్తి దానికి లేదు. నడచువాని పాదము ప్రతి అడుగునను బొగ్గును తాకి యుండు కాలము మిక్కిలి స్వల్పము. అందుచేత పెక్కుమంది గాయపడక దాటగలుగుదురు. తడబడినవారు, నిలిచిపోయినవారు కాలుదురు. 1935లో ఇంగ్లండులో కుదా బక్ష్ అను భారతీయుడు గుండము త్రొక్కగా పండితులు పరీక్షించి, ఇందులకు అలౌకికమైన కారణమును వెదుక నక్కరలేదని తేల్చిరి. కనుక కాలని పాదము నడచినవాని నిబ్బరమునకు సాక్ష్యము కావచ్చును గాని, పొరుగువాని దేవుడు తక్కువవాడనుటకు సాక్ష్యము కానేరదు. మూఢత్వము నిప్పులో లేదు. నిప్పునుండి తీసిన తీర్పులో ఉన్నది.

ఇందులకు మన పల్లెలే నిదర్శనము. తెలంగాణములోను, రాయలసీమలోను పీర్ల పండుగనాడు హిందువులు, ముస్లిములు కలిసి పీర్లను కొలుతురు. అనంతపురము జిల్లా గూగూడులో కుళ్లాయిస్వామి ఉత్సవమున కులమత భేదము లేక జనులు గుండము త్రొక్కుదురు. ఒకచోట పందెమైన గుండము మరియొకచోట పొత్తు అగుచున్నది. ఆచారమునకు దానంతట అది వైరమును పుట్టించు గుణము లేదని దీనివలన గ్రహింపవచ్చును. వైరమునకు పంతమును, దానివలన పెద్దరికము పొందువారును కావలెను.

గురజాడ కథకు ముప్పదియేడు సంవత్సరముల తరువాత ఆ కథ పేరులోని ప్రశ్న దేశమున భయంకరమైన అర్థమును పొందినది. 1947 నాటి దేశవిభజన సమయమున దారిలో ఆపబడిన మనుష్యుని పేరే వాని మరణశాసనమైనది. ఉర్దూ కథకుడు సాదత్ హసన్ మంటో (1912–1955) ఆనాటి హత్యాకాండను 1948లో "సియాహ్ హాషియే" అను సంపుటములో కొలది పంక్తుల కథలుగా చిత్రించెను. వానిలో ఒకదానియందు హంతకుడు కత్తి దింపిన పిమ్మట హతుడు తన మతస్థుడేయని తెలిసికొని, కేవలము పొరపాటు జరిగినట్లు విచారించును. చంపుట తప్పని కాదు, చంపదగినవాడు వీడు కాదని! మూఢత్వపు తుది మెట్టు ఇంతకంటె క్లుప్తముగా చెప్పుట కష్టము. ఆయనదే "టోబా టేక్ సింగ్" అను మరియొక కథలో లాహోరు పిచ్చాసుపత్రిలోని బిషన్ సింగును అందరును వాని ఊరి పేరుతోనే పిలుతురు. ఆ ఊరు ఏ దేశమునకు చెందినదో ఎవరును వానికి స్పష్టముగా చెప్పలేరు. తుదకు రెండు సరిహద్దుల నడుమ, ఏ దేశమునకును చెందని నేలపై వాడు ఒరిగిపోవును.

బెంగళూరు నగరవాసులకు ఈ విషయము దూరదేశపు వార్త కాదు. 1986 డిసెంబరు 7వ తేదీ ఆదివారమున ఈ నగరపు ఆంగ్ల దినపత్రిక యొకటి ఒక మలయాళ కథకు అనువాదమును ప్రకటించినది. కథ శీర్షికలోని పేరును ఇస్లాము ప్రవక్తను ఉద్దేశించినదిగా పలువురు గ్రహించిరి. ఆగ్రహము వీథులకెక్కినది. బెంగళూరులోను, మైసూరులోను జరిగిన అల్లరులలోను, పోలీసు కాల్పులలోను పదిమందికి మించి ప్రాణములు కోల్పోయిరి. ప్రవక్త నామము పట్ల భక్తి మూఢత్వము కాదు. దానిని గౌరవించుట పత్రికలవారి ధర్మము. కాని శీర్షిక కథ కాదు. కథను చదివి కోపగించుట వేరు, శీర్షికను విని పరుగెత్తుట వేరు. మతకలహమును నివారింపవలసిన కథానిక మతకలహమునకు నిమిత్తమగుట ఈ నగర చరిత్రలో మరువరాని విషాదము.

అయినను ఇదే నగరము మరియొక దృశ్యమును కూడ చూపుచున్నది. చైత్రపూర్ణిమ రాత్రి ధర్మరాయస్వామి ఆలయమునుండి వెడలు కరగ ఊరేగింపు కాటన్‌పేటలోని తవక్కల్ మస్తాన్ దర్గాయందు ఆగి సాగుట సంప్రదాయము. పై నిర్వచనమునుబట్టి చూచినచో ఇదియును "ఎందులకు?" అని అడుగదగిన ఆచారమే. అడిగినవారికి పొరుగువాని గడపను గౌరవించుట అను ఉత్తరము లభించును. ప్రశ్నకు నిలువగల ఆచారము మూఢాచారము కాదు.

ఇటీవలి కథకులు ఈ ప్రశ్నను లోపలినుండి అడుగుచున్నారు. 2004లో తెలుగు ముస్లిం కథల సంకలనము "వతన్" వెలువడినది. హాసన్‌కు చెందిన కన్నడ రచయిత్రి బాను ముష్తాక్ కథలకు దీపా భాస్తి చేసిన ఆంగ్లానువాదము "హార్ట్ ల్యాంప్" 2025లో అంతర్జాతీయ బుకర్ బహుమతిని పొందినది. కథానికా సంపుటమునకు ఆ బహుమతి వచ్చుట అదే ప్రథమము. ఆమె కథ ఆధారముగా గిరీశ్ కాసరవల్లి 2004లో "హసీనా" చిత్రమును నిర్మించిరి. ఆడపిల్లలను కన్నదని భర్త విడిచిన స్త్రీ మసీదు పెద్దను న్యాయమడుగుట అందలి ఇతివృత్తము. ఈ స్త్రీయు నాంచారమ్మయు ఒకరినొకరు ఎరుగరు. వారి భాష వేరు, మతము వేరు, కాలము వేరు. ఇరువురును అన్యులతో పోరాడలేదు; తమ పెద్దలనే ప్రశ్నించిరి.

దీనినిబట్టి ఒక సిద్ధాంతము చేయవచ్చును. లోకమున రెండు ప్రశ్నలు కలవు. "ఇది ఎందులకు?" అనునది తన వారిని అడుగవలసిన ప్రశ్న. "నీ పేరేమి?" అనునది అల్లరిమూక పరులను అడుగు ప్రశ్న. మొదటి ప్రశ్న నోరు నొక్కబడిన ఊరిలో రెండవది కత్తి పట్టుకొని బయలుదేరును. మంచి కథానిక మొదటిదానిని అడుగు అలవాటును పాఠకునికి కలిగించును.

బెంగళూరులో తెలుగు పిల్లలు కన్నడ, తమిళ, ఉర్దూ భాషల పిల్లలతో కలిసి పెరుగుచున్నారు. బడిలో ప్రతి ఉదయము హాజరుపట్టీ చదువునప్పుడు అన్ని మతముల పేర్లును వరుసగా వినవచ్చును. అచట పేరు పిలుచుట బిడ్డ క్షేమముగా వచ్చినదా లేదా అని తెలిసికొనుటకే. ఆ పిల్లలకు గురజాడ కథతోపాటు మంటో కథను, బాను ముష్తాక్ కథను తెలుగున చదివి వినిపించుట తల్లిదండ్రులకును, ఉపాధ్యాయులకును, ఆంధ్రేతర ప్రాంతములలోని తెలుగు సంఘములకును కర్తవ్యము. పేరు అడిగిన తరువాత ఏమి చేయవలెనో బాల్యముననే నేర్చినవాడు పెద్దయైన పిమ్మట మూకలో కలియుట అరుదు.