కాచినా పోని సీసం

నీరు జీవనాధారం. తాగునీటి శుద్ధి అనగానే మనకు మొదట స్ఫురించేది కాచి చల్లార్చడం. కలరా, టైఫాయిడ్, కామెర్లు కలిగించే సూక్ష్మజీవులు మరిగే నీటిలో నశిస్తాయి. అయితే గొట్టాల నుండి నీటిలో కరిగిన సీసం మరిగించినంత మాత్రాన పోదు. నీరు ఆవిరైన కొద్దీ దాని సాంద్రత మరింత పెరుగుతుంది. చిల్లగింజ అరగదీసి కలిపితే బురద నీరు తేటపడుతుంది. కాని తేటనీరంతా సీసరహితం కాదు. రాగి బిందె, తులసి దళాలు కూడా దీనికి పరిష్కారం కావు.

సీసం ఎలా చేరుతుంది?

పూర్వకాలపు సీసపు గొట్టాలు, సీసం కలిసిన టంకపు అతుకులు, కొన్ని ఇత్తడి కుళాయిలు దీనికి మూలాలు. పి.వి.సి. గొట్టాల తయారీలోనూ సీసపు లవణాలు వాడేవారు. వీటిని నియంత్రిస్తూ కేంద్రప్రభుత్వం 2021లో నిబంధనలు జారీచేసింది. రాత్రంతా గొట్టంలో నిలిచిన నీటిలో సీసం అధికంగా ఉంటుంది. 2014లో అమెరికాలోని ఫ్లింట్ నగరం నదినీటికి మారినప్పుడు, గొట్టాలు తినివేయబడకుండా కలపవలసిన రసాయనాన్ని కలపలేదు. ఫలితంగా పాత గొట్టాలలోని సీసం ఇంటింటి కుళాయిలకు చేరింది.

ఎందుకు ప్రమాదం?

రసశాస్త్రం సీసాన్ని నాగమని పిలిచి, పూతిలోహాలలో చేర్చింది. శోధన, మారణాలు లేనిదే దానిని ఔషధంగా వాడరాదన్నది శాస్త్ర నియమం. ఇక నీటిలో కరిగిన సీసం మాట చెప్పనక్కరలేదు. పసిపిల్లల శరీరం పెద్దలకంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా సీసాన్ని గ్రహిస్తుంది. వారి మేధాశక్తి మందగిస్తుంది. కడుపునొప్పి, మలబద్ధకం, రక్తహీనత కలుగవచ్చు. ఎముకలలో నిలిచిన సీసం గర్భధారణ సమయంలో రక్తంలోకి వచ్చి శిశువును చేరుతుంది.

చేయవలసినవి

సీసానికి రంగు, రుచి, వాసన లేవు. కనుక నీటిని ప్రయోగశాలలో పరీక్షింపజేయాలి. మన దేశపు ప్రమాణం ప్రకారం లీటరు నీటిలో సీసం 0.01 మిల్లీగ్రాము మించరాదు.

సీసపు గొట్టాన్ని మొత్తంగా మార్చడమే శాశ్వత పరిష్కారం. సగం మార్చి సగం విడిచిపెడితే, ఆ కదలికకు కొంతకాలం సీసం మరింతగా రాలవచ్చు. కొత్త గొట్టాలు, కుళాయిలు సీసరహితమైనవేనని నిర్ధారించుకొని కొనాలి. మార్చిన పిమ్మట నీటిని బాగా వదిలి, కుళాయి మూతి వద్ద జాలీని శుభ్రపరచాలి.

అంతవరకు ఉదయం కొన్ని నిమిషాలు వచ్చిన నీటిని ఇల్లు కడగడానికి వాడి, తరువాతి నీటిని పట్టుకోవాలి. గీజరు నీటిని వంటకు, పాలడబ్బాకు వాడరాదు. ఆర్.ఓ. యంత్రం సీసాన్ని చాలావరకు తొలగిస్తుంది. సాధారణ క్యాండిల్ ఫిల్టరును నమ్ముకోరాదు.

ఇనుము, కాల్షియం లోపించిన శరీరం సీసాన్ని అధికంగా గ్రహిస్తుంది. రాగులు, నువ్వులు, మునగాకు, ఉసిరి ఆహారంలో ఉండడం మేలు. ఇవి శరీరానికి అండ మాత్రమే, సీసానికి విరుగుడు కావు. అనుమానమున్నచోట పిల్లలకు రక్తపరీక్ష చేయించి వైద్యుని సంప్రదించాలి. గొట్టం మార్పించే ఖర్చు ఒక్కసారిదే. బిడ్డ కోల్పోయిన మేధస్సును ఏ ఔషధమూ తిరిగి తేలేదు.