ప్రత్యక్ష ప్రసారమునకు మైకు: ఎన్నికయు, అమరికయు

విజయవాడ రేడియో కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన ప్రారంభమైనది. ఆ కాలమున ప్రసంగము చేయదలచినవారు కేంద్రమునకు పోవలసియుండెడివారు. వారి ధ్వనిని సరిచూచుటకు అచట పనితెలిసినవారు ఉండెడివారు. నేడు జేబులోని ఫోనును తీసి, పొలముగట్టుమీద నిలిచి, ఎక్కడెక్కడివారితోనో ఆ క్షణముననే మాటలాడవచ్చును. జనులు దీనిని లైవు అనుచున్నారు. సౌకర్యము పెరిగినది, కాని ధ్వనిని సరిచూచు పని యిపుడు మాటలాడువాని మీదనే పడినది. ఆ పనిని క్రొత్తగా చేపట్టు రైతుల కొరకును, సంఘ కార్యదర్శుల కొరకును ఈ వ్యాసము వ్రాయబడినది.

ధ్వని యేల ముఖ్యము

చిత్రము కొంత మసకగా నున్నను చూపరి సహించును. మాట తెలియనిచో క్షణములో విడిచి పోవును. పోయినవానివలన నష్టము లేదు. సగము విని ఉండిపోయినవానివలననే నష్టము. ఒక రైతు పురుగుమందు మోతాదు చెప్పుచు పది లీటర్ల నీటికి ఇరవై మిల్లీలీటర్లు అన్నాడనుకొందము. గాలిహోరులో మొదటి అక్షరము చెదరినచో వినువానికి అది అరవై అగును. మందు మూడింతలై పైరు మాడును, డబ్బు వ్యర్థమగును, చల్లువాని ఆరోగ్యమునకును హాని కలుగును. డెబ్బై, తొంభై, పదిహేను, పదిహేడు, లీటరు, మిల్లీలీటరు — ఇవి యన్నియు దూరమునుండి వినునపుడు ఒకదానికొకటి దగ్గరగా నుండు మాటలే. కావున రైతు ప్రసారములో మైకు అలంకారము కాదు. అది తూనికరాయివంటిది, అది సరిగా లేనిచో తూచినదంతయు తప్పే.

మాటలోని అచ్చులు బలము గలవి; హల్లులు మిక్కిలి బలహీనమైనవి. మాటకు స్పష్టత నిచ్చునది హల్లులే. మైకు దూరమైనపుడును, గది మ్రోగునపుడును ముందుగా నశించునవి ఇవియే. గొంతు వినబడుచునే యుండును గాని మాట తెలియదు.

దూరమే మొదటి శత్రువు

ఎంత వెలగల మైకునైనను నోటికి దూరముగా నుంచిన ఫలము లేదు. ఆరుబయట దూరము రెండింతలైనచో మైకును చేరు ధ్వని తీవ్రత నాలుగవ వంతునకు తగ్గును. జానెడు దూరమున నున్న మైకుతో పోల్చినచో, ఎనిమిది జానల దూరమున, అనగా సుమారు ఆరడుగుల దూరమున, నిలుపుకోలుపై నున్న ఫోనునకు అందునది అరువదినాలుగవ వంతు మాత్రమే. ఇరుగుపొరుగు చప్పుళ్లు మాత్రము తగ్గవు. అందుచేత ఫోనులోని మైకు మంచిదే యైనను, పొలములో నిలిచి మాటలాడుటకు చాలదు. ఫోనును చేతబట్టి మొగమునకు దగ్గరగా నుంచుకొని మాటలాడునంతవరకు దానితో సరిపుచ్చుకొనవచ్చును. ఫోను దూరము జరిగినదా, మైకు విడిగా ఉండి తీరవలెను.

మైకులలోని భేదములు

మైకులు ముఖ్యముగా రెండు జాతులు. మొదటిది డైనమిక్ మైకు. ఇందులో పలుచని పొర వెనుక తీగచుట్ట యుండును. మాట తగిలి పొర కదలినపుడు ఆ చుట్ట అయస్కాంతము నడుమ కదలి విద్యుత్తును పుట్టించును. దీనికి వేరుగా విద్యుత్తు అక్కరలేదు. మోటుగా వాడినను ఓర్చుకొనును. నోటికి దగ్గరగా పట్టుకొన్ననే పలుకును గనుక దూరపు చప్పుళ్లను అంతగా గ్రహింపదు. సభలలో చేతబట్టు మైకులు సాధారణముగా ఈ జాతివే. 1966లో వచ్చిన షూర్ ఎస్ఎం58 నేటికిని వాడుకలో నున్నది.

రెండవది కండెన్సరు మైకు. ఇందులో రెండు పలుచని రేకులు ఎదురెదురుగా నుండును. ఒకటి కదలినపుడు వాని నడుమ విద్యుత్స్థితి మారును. ఇది సూక్ష్మమైన ధ్వనులను గూడ పట్టుకొనును గాని దీనికి విద్యుత్తు కావలయును. పెద్ద స్టూడియో మైకులకు 48 వోల్టులు మిక్సరునుండి ఇయ్యవలెను. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ అనువారు 1962లో ఎలక్ట్రెట్ మైకును రూపొందించిరి. విద్యుదావేశమును తనయందే నిలుపుకొను పొర యిందు ఉండుటచేత కొద్దిపాటి విద్యుత్తుతోనే ఇది పనిచేయును. చొక్కాకు తగిలించు చిన్న కాలరు మైకులు పెక్కు ఈ సంతతివే.

మైకు ఏ దిక్కునుండి వినునన్నది రెండవ భేదము. కొన్ని అన్ని వైపులనుండి సమానముగా వినును. కొన్ని ముందునుండి ఎక్కువగాను, వెనుకనుండి మిక్కిలి తక్కువగాను వినును. వీనిని కార్డియాయిడ్ అందురు. మొదటి రకము మెడకు దగ్గరగా నుండి, తల ఎటు త్రిప్పినను మాటను విడువదు. రెండవది చప్పుడును వెనుకకు నెట్టవలసినచోట ఉపకరించును.

ఏ పనికి ఏ మైకు

ఒక్కడే నిలిచి పైరును చూపుచు మాటలాడువానికి తీగగల కాలరు మైకు చాలును. కొన్ని వందల రూపాయలలో దొరకును. బోయా బివై-ఎం1 వంటివానికి ఆరు మీటర్ల తీగ యుండును గనుక ఫోనును దూరముగా నిలుపవచ్చును. క్రొత్తవారు దీనితో మొదలుపెట్టుట ఉత్తమము. తీగ యున్నచోట బ్యాటరీ అయిపోవు భయమును, సంకేతము తెగు భయమును తక్కువ.

చాళ్ల నడుమ నడచుచు చూపవలసినవానికి తీగ అడ్డము. అతనికి వైర్‌లెస్ మైకు తగినది. ఇది కొన్ని వేల రూపాయలు కావచ్చును. అందులో రెండు ముక్కలుండును: ఒకటి చొక్కాకు, రెండవది ఫోనునకు. పెక్కు వైర్‌లెస్ మైకులు వైఫై వాడు 2.4 గిగాహెర్ట్జ్ తరంగములనే వాడును. మనుష్య శరీరము ఈ తరంగములను అడ్డును. మాటలాడువాడు ఫోనువైపు వీపు త్రిప్పినచో మాట తెగిపోవచ్చును. పెట్టెమీద వ్రాసిన దూరము ఏ అడ్డును లేని బయలున కొలిచినదని గుర్తుంచుకొనవలెను. ఎదిగిన చెరకుతోటలో అంత రాదు.

ఇంటిలో బల్లముందు కూర్చుండి కంప్యూటరుతో ప్రసారము చేయువారికి యూఎస్‌బీ తీగతో నేరుగా తగిలించు డైనమిక్ మైకు మేలు. సామ్సన్ క్యూ2యూ వంటివి యూఎస్‌బీకిని, సభలోని మిక్సరునకును గూడ తగిలించుటకు వీలుగా నుండును. బ్లూటూత్ చెవిగొట్టములను మైకుగా వాడుట మంచిది కాదు. మైకును తెరచినంతనే వానిలో పెక్కింటి ధ్వని టెలిఫోను మాటవలె సన్నగిల్లును.

ఫోనునకు తగిలించుట

కొనుటకు ముందే ఫోనునకు ఏ రంధ్రమున్నదో చూచుకొనవలెను. గుండ్రని రంధ్రము గల ఫోనులకు మూడు గీతలు గల మొన కావలయును. రెండు గీతల మొన కెమెరాలది, అది మార్పుముక్క లేక ఫోనులో పలుకదు. యూఎస్‌బీ-సి రంధ్రము మాత్రమే గల ఫోనులకు అదే మొన గల మైకును కొనుట సులభము. ఐఫోనులలో 14 వరకు లైట్నింగ్ రంధ్రమును, 2023లో వచ్చిన 15 మొదలు యూఎస్‌బీ-సి రంధ్రమును ఉన్నవి. కొన్ని ఫోనులలో ఓటీజీ అను అమరికను తెరచిననే గాని మైకును గుర్తింపవు.

తగిలించినంత మాత్రమున పని పూర్తికాదు. ఫోను తన సొంత మైకుతోనే వినుచుండవచ్చును. దీనిని కనుగొనుటకు సులభోపాయము కలదు. రికార్డు చేయుచు మొదట కాలరు మైకును వ్రేలితో మెల్లగా గీకి, పిదప ఫోను అడుగుభాగమును గీకవలెను. తిరిగి వినునపుడు ఏ గీకుడు పెద్దదిగా వినబడునో ఆ మైకే పనిచేయుచున్నదని అర్థము.

ధరించుట

కాలరు మైకు గడ్డమునకు జానెడు క్రింద, రొమ్ము నడుమ ఉండవలెను. మరీ మెడక్రిందికి జరిపినచో గడ్డపు నీడ పడి మాట మందమగును. భుజముపైని తువ్వాలు, పైటచెంగు, నల్లపూసలు, గొలుసు మైకునకు తగులకుండ చూచుకొనవలెను. వినువానికి ఆ రాపిడి చెవిలో గరగరలాడును. తీగను క్లిప్పు దగ్గర ఒక చుట్టు చుట్టి తగిలించినచో కదలిక మైకును చేరదు. చేతి మైకైనచో దానిని గడ్డమునకు కొంచెము ప్రక్కగా, నాలుగు వ్రేళ్ల దూరమున పట్టుకొనవలెను. నోటికి తిన్నగా నెదురుగా పట్టినచో ప, బ, భ లకు ఊదిన శబ్దము కలుగును. మైకు తలను అరచేతితో మూయరాదు. అట్లు మూసినచో దాని దిక్కును ఎంచుకొను గుణము చెడును.

గాలి, మోటారు, గది

పొలములో గాలి పెద్ద విఘ్నము. నురుగు తొడుగు మందగాలికి చాలును. గట్టి గాలికి బొచ్చు తొడుగు కావలయును. వీపును గాలికి త్రిప్పి నిలిచినచో శరీరమే చాటగును. బోరు మోటారునో, స్ప్రేయరునో ఆపుటకు వీలున్నచో ఆపి మాటలాడుటకంటె మంచి ఉపాయము లేదు. వీలుకానిచో కార్డియాయిడ్ మైకు వెనుకభాగము మోటారువైపు ఉండునట్లు నిలువవలెను.

డాబా గదిలో ఖాళీ గోడలు మాటను తిరుగగొట్టును. మాటలాడువాని యెదుటను, ప్రక్కలను దుప్పట్లు, బొంతలు వ్రేలాడదీసినను, నిండిన గోనెసంచులు పేర్చినను మ్రోత తగ్గును. రేకుల కప్పు క్రింద వానకాలమున ప్రసారము పెట్టుకొనరాదు. సన్నని జుమ్మను మ్రోత వినబడినచో అది తరచుగా చార్జరునుండి వచ్చు 50 హెర్ట్జుల విద్యుత్తు మ్రోత. చార్జరు తీసి పవర్ బ్యాంకుతో నడిపి చూడవలెను.

మట్టము

ధ్వని మట్టము చూపు గీటులో సున్న అనునది కుండ అంచువంటిది. దానిని దాటినది పొర్లిపోవును. పొర్లినదానిని తిరిగి ఎత్తలేము. మామూలుగా మాటలాడునపుడు ఎత్తైన గొంతు మైనస్ 12 దగ్గర ఉండునట్లు గెయిన్ అమర్చుకొనవలెను. నవ్వినను, కేకవేసినను సున్నను తాకరాదు.

సంకేతము బలహీనముగా నున్నచోట చిత్రపు నాణ్యతను తగ్గించుకొనుట తెలివి. చిత్రమునకు సెకనుకు వేలకొలది కిలోబిట్లు కావలసియుండగా చక్కని ధ్వనికి 128 కిలోబిట్లు చాలును. చిత్రమును కొంచెము తగ్గించినచో మాట నిలుచును.

ప్రసారమునకు ముందు

యూట్యూబులో ఫోనునుండి లైవు పెట్టుటకు ఛానలుకు కనీసము 50 మంది చందాదారులు ఉండవలెను. మొదటిసారి అనుమతి వచ్చుటకు 24 గంటల వరకు పట్టవచ్చును. కావున తేదీ ప్రకటించుటకు ముందే ఆ పని ముగించుకొనవలెను. తరువాత ఈ వరుసను పాటించునది:

1. నిలువదలచిన చోటనే, ప్రసారము చేయదలచిన వేళకే, ఒక నిమిషము రికార్డు చేసి ఇయర్ ఫోనుతో వినవలెను.

2. ఇరవై, అరవై, డెబ్బై, తొంభై, లీటరు, మిల్లీలీటరు అని వరుస మార్చి పలికి, సంగతి తెలియని ఒకనిచే వ్రాయించి సరిచూడవలెను. ఒక్కటి తప్పినను మైకును మరల సవరించవలెను.

3. కాల్స్ రాకుండ ఫోనును అమర్చి, మైకు బ్యాటరీలను నింపవలెను.

4. ప్రసారము మొదలైన పిదప ఒకరు దూరముగా మరియొక ఫోనుతో వినుచు, మాట తెగినచో చేయెత్తి తెలుపవలెను. ప్రసారము కొన్ని సెకనులు ఆలస్యముగా చేరును గనుక ఆ ఫోను ధ్వని మైకులో పడినచో మాట రెండుమారులు వినబడును.

ఇన్ని చేసినను మోతాదుల విషయమున మాటనొక్కదానినే నమ్మరాదు. అంకెను రెండుమారులు పలికి, పలకమీద వ్రాసి, మందు డబ్బాపైని చీటిని చూపవలెను.

సంఘముల కర్తవ్యము

సర్వసభ్య సమావేశమును దూరమున నున్న సభ్యులకు వినిపింపదలచిన సంఘములు లౌడుస్పీకరు ఎదుట ఫోను నుంచుట కద్దు. అట్లు చేసినచో గుడారపు మ్రోత తప్ప మరేమియు అందదు. మిక్సరునుండి తీగద్వారా ధ్వనిని తీసికొనుట సరియైన మార్గము. స్పీకర్లు వేదికకు ముందును, మైకులు వాని వెనుకను ఉన్నచో కూత పుట్టదు. జమాఖర్చులు చదువునపుడు ప్రతి అంకెయు స్పష్టముగా వినబడుట సభ్యుని హక్కు. సభలో ప్రశ్న అడుగువానికి గూడ మైకు అందింపవలెను. జవాబు మాత్రమే వినబడి ప్రశ్న వినబడనిచో దూరమున నున్నవానికి సమావేశము సగమే.

ప్రతి రైతును మైకు కొననక్కరలేదు. స్ప్రేయర్లను, త్రాసులను సంఘము కొని సభ్యులకు వంతులవారీగా ఇచ్చినట్లే, ఒక కాలరు మైకును, ఒక వైర్‌లెస్ మైకును, బొచ్చు తొడుగును, మార్పుముక్కలను ఒక పెట్టెలో ఉంచి రిజిస్టరులో వ్రాసి ఇయ్యవచ్చును. తిరిగి వచ్చినపుడు రెండవ అంశములోని పరీక్షనే చేసి పుచ్చుకొన్నచో చెడిన మైకు తరువాతివానికి పోదు. ఊరిలో మంచి సేద్యము చేయువాడు మాటకారి కాకపోవచ్చును. కాని అతని మాట వినదగినది. అది చెదరక పొరుగు రైతు చెవిని చేరునట్లు చూచుట సంఘము చేయదగిన పని.