78 రోజుల తేడా, పదేళ్ల బకాయి

ఐర్లండ్‌లో 1980ల నడుమ దాకా ఉద్యోగం పోయిన పురుషుడికి నిరుద్యోగ భృతి 390 రోజులు వచ్చేది. పెళ్లైన స్త్రీకి మాత్రం 312 రోజులతో ఆపేసేవారు. భృతి లెక్కలో వారానికి 6 రోజులే కాబట్టి, తేడాగా ఉన్న ఆ 78 రోజులంటే 13 వారాలు. ఆ 312 రోజులకు కూడా ఆమెకు ఇచ్చింది తక్కువ రేటే.

మూడో తేడా ఇంకా పెద్దది. భృతి తీసుకునే భర్తకు భార్య పేరిట అదనపు సొమ్ము వచ్చేది. ఆమె తన సంపాదనతో బతుకుతున్నా వచ్చేది. అదే అదనం భార్యకు రావాలంటే, భర్త జబ్బు వల్లో వైకల్యం వల్లో తనను తాను పోషించుకోలేడని తేలాలి. ఇల్లు నడిపేది మగవాడి జీతమేనన్న నమ్మకం మీద కట్టిన వ్యవస్థ అది. పెళ్లైతే ప్రభుత్వోద్యోగం వదులుకోవాలన్న నిబంధన కూడా ఆ దేశంలో 1973 దాకా ఉంది.

ఆ 1973లోనే ఐర్లండ్ ఐరోపా ఆర్థిక సమాజంలో చేరింది. సామాజిక భద్రతలో స్త్రీ పురుషులను సమానంగా చూడాలంటూ ఆ సమాజం 1978 డిసెంబరులో 79/7 నంబరు ఆదేశం తెచ్చి, సభ్య దేశాలకు ఆరేళ్ల గడువిచ్చింది. గడువు 1984 డిసెంబరు 23తో ముగిసింది. బకాయిల లెక్క మొదలయ్యేది ఆ తేదీ నుంచే.

ఐర్లండ్ ఆ రోజుకు సిద్ధం కాలేదు. రేట్లు, రోజులు సమానమయ్యేసరికి 1986 మే వచ్చింది, అంటే దాదాపు 17 నెలల ఆలస్యం. కుటుంబ అదనం నిబంధన మారింది నవంబరులో, దాదాపు 23 నెలలకు. ఆ మార్పుతో అదనం కోల్పోయిన పెళ్లైన పురుషుల ఆదాయం ఒక్కసారిగా పడిపోకుండా సర్దుబాటు సొమ్ము కూడా ఇచ్చారు. అది స్త్రీలకు ఇవ్వలేదు. దాంతో బకాయి నాలుగు పద్దులైంది: తగ్గిన రేటు, తగ్గిన రోజులు, కుటుంబ అదనం, సర్దుబాటు సొమ్ము.

1984 గడువు నుంచే స్త్రీలు ఈ హక్కును నేరుగా కోరవచ్చని లక్సెంబర్గ్‌లోని ఐరోపా న్యాయస్థానం 1987 మార్చి 24న తేల్చింది. అయినా చెల్లింపులు కదల్లేదు. ఒకే ఇంటికి రెండుసార్లు అదనం ఇచ్చినట్టవుతుందని ప్రభుత్వం వాదించింది. 1991 మార్చి 13న న్యాయస్థానం ఆ వాదననూ తోసిపుచ్చింది. ఆధారపడ్డారా లేదా అని చూడకుండా పురుషులకు ఇచ్చినప్పుడు స్త్రీలకూ అలాగే ఇవ్వాలని చెప్పింది.

ఎమ్మట్ కేసు ఈ వ్యవహారంలో నన్ను అన్నిటికంటే బాధపెట్టింది. 1987 తీర్పు రాగానే ఎమ్మట్ అనే మహిళ తనకు రావాల్సింది లెక్కకట్టమని ప్రభుత్వాన్ని అడిగింది. ఐర్లండ్ కోర్టులో వ్యవహారం ఇంకా తేలలేదు, తేలాక చూస్తామని ఆ జూన్‌లో జవాబొచ్చింది. ఆగింది. 1988లో హైకోర్టుకు వెళితే, నువ్వు ఆలస్యంగా వచ్చావని ప్రభుత్వమే అభ్యంతరం చెప్పింది! అలాంటి పిటిషన్లకు గడువు 3 నెలలు, కొన్నిటికి 6 నెలలు. ఆగమన్నదీ ఆలస్యమైందన్నదీ ఒక్కరే. ఆదేశాన్ని సరిగ్గా చట్టంగా మార్చేదాకా ప్రభుత్వం పౌరుల ఆలస్యాన్ని సాకుగా చూపడానికి వీల్లేదని 1991 జులై 25న ఐరోపా న్యాయస్థానం చెప్పింది.

ఆ ఊరట కూడా నిలకడగా లేదు. పాత బకాయి ఏడాదికి మించి ఇవ్వనక్కర్లేదన్న నెదర్లాండ్స్ నిబంధనను అదే న్యాయస్థానం 1993లో సమర్థించింది. తమ బకాయి మొత్తం వస్తుందా, కొంతే వస్తుందా అన్న అనుమానం ఐర్లండ్ స్త్రీలను మళ్లీ పట్టుకుంది.

1992లో వచ్చిన నిబంధనలు బకాయిలో కొంత భాగానికే దారి చూపాయి. కుటుంబ అదనం, సర్దుబాటు సొమ్ము కూడా ఇవ్వాల్సిందేనని ఐర్లండ్ హైకోర్టు తేల్చింది 1995లో. ఉచిత న్యాయ సలహా సంస్థ ఫ్లాక్ ఏళ్ల తరబడి ఈ పోరాటం వెంట నడిచింది. చివరకు సుమారు 70 వేల మంది పెళ్లైన స్త్రీలకు సుమారు 26 కోట్ల ఐరిష్ పౌండ్లు చెల్లించాల్సి వచ్చింది. సగటున మనిషికి 3,700 పౌండ్లు.

ఎవరికి ఎన్ని రోజులు, ఏ రేటున భృతి ఇచ్చారో ప్రభుత్వ దస్త్రాల్లోనే ఉంది. 1987 మార్చిలో తీర్పు వచ్చిన నాడే ఆ దస్త్రాలు తెరిచి, ఎవరూ అడగకముందే ఆ సొమ్ము ఇచ్చేయాల్సింది.