తాళం చెవి మన చేతిలోనే

మన డబ్బు ఎక్కడ ఉంది?

వెనకటి రోజుల్లో ఆడవాళ్లు డబ్బు ఎక్కడ దాచేవాళ్లు? పోపుల డబ్బాలో దాచేవాళ్లు. ట్రంకు పెట్టెలో, చీర మడతల్లో దాచేవాళ్లు. దొంగ ఇంటికి వస్తేనే ఆ డబ్బు పోయేది. దొంగ వస్తే కుక్క మొరిగేది. పక్కింటివాళ్లు లేచేవాళ్లు.

ఇప్పుడు మన డబ్బు బ్యాంకు ఖాతాలో ఉంది. డ్వాక్రా సంఘం అప్పు ఖాతాలో పడుతుంది. పీఎం కిసాన్ డబ్బు ఖాతాలో పడుతుంది. మడకశిరలో కూలి చేసే అక్కకూ ఖాతా ఉంది. హిందూపురం మార్కెట్టుకు పట్టుగూళ్లు తీసుకుపోయే అక్కకూ ఖాతా ఉంది. ధర్మవరంలో చీరలు నేసే అక్కకూ ఖాతా ఉంది.

దొంగ కూడా మారాడు. వాడు ఎక్కడో కూర్చుని ఫోను చేస్తాడు. తెలుగులో మాట్లాడతాడు. కన్నడంలో కూడా మాట్లాడతాడు. మన పేరు, మన ఊరి పేరు చెప్తాడు. కుక్క మొరగదు. పక్కింటివాళ్లకు తెలియదు. ఫోను, కంప్యూటరు వాడి చేసే ఇట్లాంటి దొంగతనాన్నే సైబర్ నేరం అంటారు.

దొంగకు ఏం కావాల?

పెట్టె తెరవాలంటే తాళం చెవి కావాల. ఖాతా తెరవాలన్నా తాళం చెవులు ఉన్నాయి.

పిన్ ఒక తాళం చెవి. అది మనం పెట్టుకున్న రహస్య అంకె. ఏటీఎంలో, ఫోన్ పేలో, గూగుల్ పేలో దాన్ని నొక్కుతాం.

ఓటీపీ ఇంకో తాళం చెవి. అది బ్యాంకు మన ఫోనుకు పంపే అంకె. ఒక్కసారికే పనిచేస్తుంది.

దొంగ దగ్గర ఈ తాళం చెవులు ఉండవు. అందుకే మనల్ని అడుగుతాడు. బ్యాంకువాళ్లు ఎప్పుడూ పిన్ అడగరు. ఓటీపీ అడగరు. అడిగినవాడు దొంగే.

ఒక మాట బాగా గుర్తు పెట్టుకోవాల. డబ్బు పంపడానికే పిన్ నొక్కాల. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. "మీకు రెండు వేలు వచ్చాయి, పిన్ నొక్కండి" అని ఎవరైనా అంటే, ఆ డబ్బు మనకు రాదు. మన డబ్బే పోతుంది.

దొంగ మాటలు ఎట్లా ఉంటాయి?

"అమ్మా, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం. మీ ఖాతా ఈ రోజు మూసేస్తున్నాం. ఓటీపీ చెప్పండి."

2025 మే 1న మన రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులు కలిసి ఒకే బ్యాంకు అయ్యాయి. మన ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు కూడా అందులో కలిసింది. ఇట్లాంటి మార్పు వస్తే దొంగలకు ఒక సాకు దొరుకుతుంది. అనుమానం వస్తే పాసుబుక్కు తీసుకుని బ్యాంకుకే పోయి అడగాల.

"పీఎం కిసాన్ డబ్బు కావాలంటే ఈ ఫైలు నొక్కండి."

వాట్సాప్‌లో వచ్చిన తెలియని ఫైలు నొక్కకూడదు. అది ఫోనులోకి చొరబడుతుంది. మనకు వచ్చే ఓటీపీలను దొంగ చదువుతాడు. అప్పుడు మనల్ని అడిగే పని కూడా వాడికి ఉండదు.

"చీరకు డబ్బు పంపాను. పొరపాటున ఇరవై వేలు ఎక్కువ పోయింది. తిరిగి పంపు అక్కా."

దొంగ పంపిన మెసేజీని నమ్మకూడదు. ముందు ఖాతాలో ఎంత ఉందో చూసుకోవాల. మెసేజీలో రెండు మాటలు చదవడం నేర్చుకుందాం. "క్రెడిటెడ్" అంటే డబ్బు వచ్చింది. "డెబిటెడ్" అంటే డబ్బు పోయింది. ఇవి ఎక్కువగా ఇంగ్లీషులో వస్తాయి. పిల్లల చేత ఆ మాటలు ఒక కాగితం మీద రాయించుకోండి. వాటి ఆకారం గుర్తు పట్టండి.

"మేము పోలీసులం. మీ అబ్బాయి కేసులో ఇరుక్కున్నాడు. ఫోను పెట్టొద్దు. డబ్బు పంపండి."

కొడుకు బెంగళూరులో పనికి పోయి ఉంటే ఏ తల్లికైనా గుండె ఆగినంత పని అవుతుంది. ఆ భయమే దొంగకు కావాల. ఫోనులో అరెస్టు చేయడం అనేది మన చట్టంలో లేదు. ఈ మాట 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి కూడా రేడియోలో చెప్పారు. ఫోను పెట్టేయండి. కొడుకుకు మీరే ఫోను చేయండి.

వేలిముద్ర కూడా తాళం చెవే

చాలా మంది అక్కలు వేలిముద్ర వేసి డబ్బు తీసుకుంటారు. ఆ వేలిముద్రను కూడా దొంగిలిస్తారు.

2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులు అమ్మే ఒకతను పట్టుబడ్డాడు. అతను భూమి రిజిస్ట్రేషన్ కాగితాల మీది వేలిముద్రలను కంప్యూటరు నుంచి తీసుకున్నాడు. వాటిని రబ్బరు మీద అచ్చు పోశాడు. ఆ ముద్రలతో ఇతరుల పేరు మీద సిమ్ కార్డులు తీశాడు.

మరి ఏం చేయాల? వేలు పెట్టే ముందు "ఎంత డబ్బుకు?" అని అడగాల. "పడలేదు, మళ్లీ పెట్టు" అంటే రసీదు అడగాల. ఖాతాలో ఎంత ఉందో చూపించమని అడగాల.

ఆధార్‌లో వేలిముద్రకు తాళం వేసుకోవచ్చు. ఆధార్ వాళ్ల ఫోను నంబరు 1947. కానీ తాళం వేస్తే ఆధార్‌తో నడిచే ఏ మిషనులోనూ వేలిముద్ర పడదు. రేషను దగ్గర కూడా పడదు. అవసరం వచ్చినప్పుడు తాళం తీసుకోవాల. అందుకే బాగా తెలుసుకుని వేయించుకోండి.

ఫోనులో అప్పు

"కాగితాలు అక్కర్లేదు. ఐదు నిమిషాల్లో అప్పు" అని ఫోనులో ప్రకటనలు వస్తాయి. ఆ యాప్ పెట్టుకుంటే మన ఫోనులోని ఫోటోలు, నంబర్లు వాళ్ల చేతికి పోతాయి. తర్వాత ఫోటోలు మార్చి బంధువులకు పంపుతామని బెదిరిస్తారు.

2022 సెప్టెంబరులో రాజమండ్రిలో ఈ బెదిరింపులు తట్టుకోలేక భార్యాభర్తలు ప్రాణాలు తీసుకున్నారు. ఇద్దరు ఆడపిల్లలు అనాథలయ్యారు.

మార్చిన ఫోటో చూసి సిగ్గుపడాల్సింది మనం కాదు. తప్పు చేసినవాడు వాడు. ఇంట్లో చెప్పండి. సంఘంలో చెప్పండి. పోలీసులకు చెప్పండి. అప్పు కావాలంటే సంఘంలో, బ్యాంకులో అడగండి.

డబ్బు పోతే ఏం చేయాల?

చాలా మంది ఆడవాళ్లు ఇంట్లో తిడతారని దాచిపెడతారు. రెండు రోజులు ఏడుస్తూ కూర్చుంటారు. ఆ రెండు రోజుల్లో దొంగ డబ్బును ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మార్చేస్తాడు. చివరికి బయటకు తీసేసుకుంటాడు.

అందుకే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాల. ఇది దేశమంతటికీ ఒకే నంబరు. ఎంత పోయిందో, ఎప్పుడు పోయిందో, ఏ ఖాతా నుంచి పోయిందో చెప్పాల. డబ్బు ఇంకా ఏదైనా ఖాతాలో ఉంటే దాన్ని అక్కడే ఆపిస్తారు. ఎంత తొందరగా చెప్తే అంత మంచిది.

బ్యాంకుకు కూడా చెప్పి ఖాతా ఆపించాల. ఫిర్యాదు నంబరు రాసుకోవాల. వచ్చిన మెసేజీలు చెరపకూడదు. పోలీస్ స్టేషనులో కూడా ఫిర్యాదు ఇవ్వాల.

ఇంట్లోవాళ్లకు కూడా ఒక మాట. మోసపోయిన మనిషిని తిట్టకండి. తిడితే రేపు ఇంకొకరు దాచిపెడతారు.

బీమా ఆదుకుంటుందా?

చాలా మందికి ఖాతాలో రెండు బీమాలు ఉన్నాయి. ఏడాదికి 436 రూపాయల బీమా ప్రాణానికి. ఏడాదికి 20 రూపాయల బీమా ప్రమాదానికి. ఇవి మంచివే. కానీ ఫోను మోసంలో పోయిన డబ్బును ఇవి ఇవ్వవు.

దానికి సైబర్ బీమా అని వేరే ఉంది. కొన్ని బీమా కంపెనీలు అమ్ముతున్నాయి. కొనే ముందు నాలుగు మాటలు అడగాల.

ఏ ఏ మోసాలకు డబ్బు ఇస్తారు?
నేనే పిన్ నొక్కి ఉంటే ఇస్తారా?
ఎన్ని రోజుల్లోపు చెప్పాల?
ఎక్కువలో ఎక్కువ ఎంత ఇస్తారు?

జవాబు నోటితో చెప్తే చాలదు. కాగితంలో చూపించమనాల. బీమా పేరు మీద కూడా మోసాలు ఉన్నాయి. "మీ పాలసీకి బోనస్ వచ్చింది, ముందు డబ్బు కట్టండి" అంటే నమ్మకూడదు. బీమా ఫిర్యాదుల నంబరు 155255.

పైసా కట్టకుండానే ఒక రక్షణ ఉంది. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఒక నియమం చెప్పింది. మన తప్పు లేకుండా ఎవరో డబ్బు కాజేశారు అనుకుందాం. మూడు పనిదినాల్లోపు బ్యాంకుకు చెప్తే మనకు నష్టం ఉండకూడదు. మనమే పిన్, ఓటీపీ చెప్పి ఉంటే, బ్యాంకుకు చెప్పేదాకా పోయిన డబ్బు మన నష్టమే. చెప్పిన తర్వాత పోతే అది బ్యాంకు నష్టం. బీమా ఉన్నా లేకపోయినా, తొందరగా చెప్పినవాళ్లకే మేలు.

గుర్తు పెట్టుకోండి

పిన్, ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు.
తెలియని ఫైలు నొక్కకూడదు.
ఏటీఎం కార్డు, పాసుబుక్కు డబ్బుకు ఆశపడి పరాయివాళ్లకు ఇవ్వకూడదు. మన ఖాతాలో దొంగ డబ్బు పడితే కేసు మన మీదికి వస్తుంది.
భయపెట్టినా, ఆశ పెట్టినా ఫోను పెట్టేయాల.
డబ్బు పోతే వెంటనే 1930.

సంఘంలో మాట్లాడుకోండి

1. మీ ఊరిలో ఎవరికైనా ఇట్లాంటి ఫోను వచ్చిందా? ఏం చెప్పి అడిగారు?
2. మోసపోయినవాళ్లు ఎందుకు దాచిపెడతారు? వాళ్లకు సంఘం ఎట్లా తోడు ఉండాల?
3. 1930 నంబరును ఇంటి గోడ మీద, పాసుబుక్కు అట్ట మీద మీ చేత్తో మీరే రాయండి.