ఇనుము కొరకు సూక్ష్మజీవుల వేట

బాలానగర్ వాసులకు ఇనుమును గురించి చెప్పబూనడం తాతకు దగ్గులు నేర్పడం వంటిదే. లేత్ యంత్రాల చప్పుడు, దారి ప్రక్కన కుప్పలు పడిన ఇనుప రజను మన విద్యార్థులకు నిత్యపరిచితాలు. అయినా దేహంలోని ఇనుమును గురించి నాలుగు మాటలు వ్రాయవలసి వచ్చింది. గత సంవత్సరం ఒక విద్యార్థి జ్వరంతో ఉండి, నీరసం పోతుందని ఎవరో చెప్పగా, వైద్యుని అడగకుండానే ఇనుము కలిసిన టానిక్ కొని త్రాగసాగాడు. మంచిపని చేశావని నేనూ అన్నాను. తరువాత ఒక వైద్యమిత్రుడు మందలించగా పుస్తకాలు తిరగవేశాను. తెలుగు చెప్పేవానికి ఈ శాస్త్రమెందుకని కమిటీ పెద్దలు మన్నించాలి.

వయసు వచ్చిన మనిషి ఒంటిలోని ఇనుము 3 నుండి 4 గ్రాములు మాత్రమే. అందులో సుమారు మూడింట రెండు వంతులు ఎర్ర రక్తకణాల హీమోగ్లోబిన్‌లో ఉంటుంది. మరికొంత ఫెరిటిన్ అనే ప్రోటీన్ గిడ్డంగిలో నిలువ ఉంటుంది. రక్తద్రవంలో తిరిగే సుమారు 3 మిల్లీగ్రాములను ట్రాన్స్‌ఫెరిన్ గట్టిగా పట్టుకొని మోస్తుంది. విడిగా దొరికే ఇనుము దాదాపు శూన్యం. రోగం కలిగించే బాక్టీరియాలో చాలావాటికి శ్వాసక్రియకు, సంతానవృద్ధికి ఇనుము లేనిదే గడవదు. కనుకనే జ్వరం రాగానే మన కాలేయం హెప్సిడిన్ అనే హార్మోనును హెచ్చుగా విడుదల చేస్తుంది. అప్పుడు ప్రేగులు ఇనుమును రక్తంలోనికి పోనీయవు, గిడ్డంగులు ఉన్నదానిని విడువవు. పరీక్షలో ఇనుము తక్కువగా కనిపిస్తుంది. అది లేమి కాదు, దొంగ తిరిగే వేళ ఇంటివారు తలుపులు మూయడం.

దొంగలూ తక్కువవారు కారు. అనేక బాక్టీరియా సిడెరోఫోర్ అనే చిన్న అణువులను తయారుచేసి బయటకు పంపుతాయి. గ్రీకు భాషలో ఆ మాటకు ఇనుమును మోసేది అని అర్థం. ప్రేగులలో నివసించే ఇ.కోలై, టైఫాయిడ్ కలిగించే సాల్మొనెల్లా తయారుచేసే ఎంటరోబాక్టిన్ అట్టిది. అది ట్రాన్స్‌ఫెరిన్ చేతిలోని ఇనుమునైనా లాగుకొని యజమాని వద్దకు చేర్చగలదు. మన తెల్ల రక్తకణాలు ఊరుకొంటాయా? సిడెరోకాలిన్ అనే ప్రోటీనును వదలి, ఎంటరోబాక్టిన్‌ను దారిలోనే పట్టివేస్తాయి. అప్పుడు సాల్మొనెల్లా ఎంటరోబాక్టిన్‌కు గ్లూకోజు తగిలించి రూపం మారుస్తుంది. వేషం మారిన దూత సిడెరోకాలిన్ పట్టుకు చిక్కదు! ఈ ఎత్తుకు పై ఎత్తు చదివినప్పుడు నాకు కథాకావ్యాలలోని మారువేషాలు గుర్తుకు వచ్చాయి. కొన్ని క్రిములకు ఇంత ఓపిక లేదు. స్టాఫిలోకాకస్ ఎర్ర కణాలనే పగులగొట్టి వాటిలోని ఇనుమును తీసుకొంటుంది.

క్షయ క్రిమి పద్ధతి వేరు. అది మాక్రోఫేజ్ అనే భక్షక కణంలోనే కాపురముంటుంది. అక్కడ కార్బాక్సీమైకోబాక్టిన్ బయటికి పోయి ఇనుమును తెస్తే, క్రిమి గోడలోని మైకోబాక్టిన్ అందుకొంటుంది. ఈ విషయమై మనకు దూరం కాని గచ్చిబౌలిలో, 1974లో ఏర్పడిన హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో, ఆచార్య మంజులా శ్రీధరన్ బృందం ఎంతో పనిచేసింది. హుప్‌బి అనే ప్రోటీన్ లేకుండా చేసిన క్షయ క్రిములు ఈ అణువులను చాలినంతగా తయారుచేయలేవని, మాక్రోఫేజ్‌లలో వృద్ధి చెందలేవని వారు 2014లో ప్రకటించారు. ఇనుమును తెచ్చే దారి మూస్తే క్రిమి నిలువలేదన్నమాట.

శాస్త్రజ్ఞులు ఈ దారినే మరొక విధంగానూ వాడుకొన్నారు. సెఫిడెరోకాల్ అనే మందు సిడెరోఫోర్ వలె ఇనుమును పట్టుకొంటుంది. బాక్టీరియా దానిని ఆహారమనుకొని లోనికి పిలుచుకొంటుంది. అమెరికాలో దీనికి 2019లో అనుమతి లభించింది.

ఇక టానిక్ మాట. హెప్సిడిన్ తలుపు మూసి ఉండగా త్రాగిన ఇనుము చాలావరకు రక్తంలో చేరదు. ప్రేగులలోనే మిగిలి అక్కడి క్రిములకు అందుబాటులో ఉంటుంది. క్షయరోగులకు ఇనుము ఇవ్వరాదని ఫ్రెంచి వైద్యుడు ట్రూసో 19వ శతాబ్దంలోనే హెచ్చరించాడు. అట్లని రక్తహీనత గల మన విద్యార్థినులు ఇది చదివి మాత్రలు మానరాదు. వారి లోపం నిజమైనది, మందు కూడా అదే. జ్వరకాలపు కొరత ఏదో, నిజమైన లోపం ఏదో తేల్చవలసినవాడు వైద్యుడు. ఫెరిటిన్ పరీక్ష కూడా జ్వరంలో హెచ్చుగా చూపి మోసగిస్తుంది కనుక, ఆ విద్యార్థికి జ్వరం తగ్గిన కొన్ని వారాలకు మరల రక్తపరీక్ష చేయించారు. ఇనుము సరిపడా ఉన్నదట. సగం మిగిలిన సీసాను తెచ్చి నా బల్లమీద పెట్టి, "మీరే త్రాగండి సార్" అన్నాడు.