బొల్లి ఎంత? అరచేయి చెప్పే లెక్క

‘‘అమ్మాయికి ఒళ్ళంతా మచ్చలేనట’’ అన్న ఒక్క మాటతో కుదిరిన సంబంధాలు వెనక్కి పోతున్నాయి. ఒళ్ళంతా అంటే ఎంత అని విచారించేవారు అరుదు.

అరబీలో బరస్, ఉర్దూలో సఫేద్ దాగ్, తెలుగులో బొల్లి. దివ్యఖుర్ఆన్ ఆలి ఇమ్రాన్ సూరాలో ఈసా ప్రవక్త (అలైహిస్సలాం) అల్లాహ్ అనుమతితో స్వస్థపరచినవారిలో ‘అబ్రస్’ ప్రస్తావన ఉన్నది. కొందరు అనువాదకులు ఈ పదానికి కుష్ఠురోగి అని రాశారు. ఈ కలగాపులగం వల్ల జరిగిన హాని చిన్నది కాదు. కుష్ఠు మచ్చలో స్పర్శ తగ్గుతుంది, బొల్లి మచ్చలో తగ్గదు. చర్మానికి రంగునిచ్చే కణాలు నశించడమే బొల్లి. అది ఎవరికీ అంటుకోదు.

దాని కొలబద్ద రోగి వద్దనే ఉన్నది. వేళ్ళు దగ్గరగా చేర్చిన అరచేయి, వేళ్ళతో సహా, ఆ మనిషి చర్మ విస్తీర్ణంలో దాదాపు 1 శాతం. పిల్లవాని మచ్చకు పిల్లవాని చేయే కొలత. తల్లి చేయి పనికిరాదు. పరాయివారికి చూపడానికి బిడియపడే స్త్రీలు ఇంట్లోనే చూసుకొని నెలనెలా రాసిపెట్టుకోవచ్చు.

2004లో ఇల్తిఫాత్ హంజవి, ఆయన సహచరులు ‘వాసి’ అనే సూచికను ప్రచురించారు. (తెలుగులో వాసి అంటే మేలు కావడం యాదృచ్ఛికమే.) మచ్చ ఎన్ని అరచేతులో చూసి, అందులో రంగు ఎంత శాతం పోయిందో అంచనా వేసి, రెంటినీ గుణిస్తారు. వీపుపై నాలుగు అరచేతుల మచ్చ పూర్తిగా తెల్లగా ఉంటే లెక్క 4. కొన్ని నెలల చికిత్సతో వెంట్రుకల కుదుళ్ళ నుండి చుక్కలు చుక్కలుగా రంగు తేలి సగం నిండినదనుకుందాం. అంచు చెరగలేదు కనుక ఇంట్లోవారు ‘‘మచ్చ అలాగే ఉంది, మందులు దండగ’’ అంటారు. లెక్క మాత్రం 2కు దిగింది! చికిత్స మధ్యలో మానేసేవారు ఈ తేడా తెలియకనే మానేస్తున్నారు.

ఇది కంటి అంచనాయే కనుక ఇద్దరు వైద్యుల లెక్కలు కలవకపోవచ్చు. ఒకే వైద్యుడు, ఒకే వెలుతురు, ఒకే దూరం నుండి తీసిన ఫొటోలు ఉంటే మేలు. తెల్లని మేనిఛాయ గలవారిలో అంచులు తెలియనప్పుడు చీకటి గదిలో వుడ్స్ ల్యాంప్ అనే అతినీలలోహిత దీపంతో చూస్తారు.

పెదవులు, వేళ్ళ కొనలు ఈ లెక్కకు లొంగవు. అక్కడి మచ్చలన్నీ కలిపినా ఒక్క అరచేయి కాకపోవచ్చు. కానీ వెంట్రుకల కుదుళ్ళు లేని చోటు కనుక రంగు తిరిగి రావడం కష్టం. నలుగురి కంటా ముందు పడేదీ అవే.